రొయ్యల బిల్లుకు 64 ఫైళ్లు

విశాఖపట్నం మధురవాడలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్న పాఠకురాలు, తన పేరు గానీ కంపెనీ పేరు గానీ బయటపెట్టవద్దని కోరుతూ పెద్ద ఉత్తరమే రాశారు. ఆమె అనుభవం ఐదేళ్లు. మూడేళ్లు వేరే ఊళ్లో పనిచేసి, తండ్రిగారి ఆరోగ్యం బాగుండక రెండేళ్ల కిందట విశాఖ తిరిగి వచ్చేశారు. ఇప్పుడున్న చోట ఉద్యోగులు పద్నాలుగు మంది. రొయ్యలు, చేపలు కొనే ప్లాంట్లకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేయడం వారి పని. భీమిలి, నక్కపల్లి వైపు చెరువు గట్ల మీద ఏజెంటు సరుకు తూచి, కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది) చూసి ఫోనులో నమోదు చేస్తాడు. ఆ వెంటనే తరుగు పోను రైతుకు రావలసిన సొమ్ము లెక్కకట్టి, బిల్లు వేసి, రైతు ఫోనుకు ఎస్సెమ్మెస్ పంపుతుంది ఆ ప్రోగ్రామ్. ఫిషింగ్ హార్బర్‌లో దిగే సముద్రపు సరుకుకూ అదే వాడతారు.

సొమ్ము లెక్కకట్టే భాగాన్ని పన్నెండేళ్ల కిందట వారి సీనియర్ ఒక్కరే జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో రాశారు. ఒకటే మెథడ్ (ఒక పని చేసే కోడ్ భాగం), 900 లైన్లు. కొత్త ప్లాంటు చేరినప్పుడల్లా అందులో మరో ఇఫ్ (షరతు) చేరుతూ వచ్చింది. కిందటి ఏడాది దాన్ని తిరగరాసే పని ఈమెకు అప్పగించారు. ఇంటర్వ్యూల కోసం డిజైన్ ప్యాటర్న్‌లు (ప్రోగ్రాముల్లో పదేపదే ఎదురయ్యే ఇబ్బందులకు పేరుపెట్టి ఉంచిన పరిష్కారాలు) కొత్తగా చదువుకుని ఉన్నారేమో, ఉత్సాహంగా మొదలుపెట్టారు. ప్రతి కౌంట్ శ్రేణికీ, ప్రతి ప్లాంటుకూ ఒక్కో స్ట్రాటజీ క్లాసు (లెక్క చేసే పద్ధతిని విడిగా పెట్టుకునే కోడ్ భాగం), వాటిని తయారుచేయడానికి ఫ్యాక్టరీ, దాని మీద ఆబ్‌స్ట్రాక్ట్ ఫ్యాక్టరీ, ఒక్కో తరుగుకు ఒక్కో డెకరేటర్ (ఒక లెక్క చుట్టూ మరో లెక్కను చుట్టేది), రేట్ల పట్టికకు సింగిల్టన్ (ప్రోగ్రామ్ మొత్తానికి ఒక్కటే ఉండేది), ఎస్సెమ్మెస్‌లకు అబ్జర్వర్ (ఏదైనా జరిగితే విని స్పందించే ఏర్పాటు). ఒకటే మెథడ్ కాస్తా 64 ఫైళ్లయింది.

తరవాత కష్టాలు మొదలయ్యాయి. ఫిబ్రవరిలో ఒక రాత్రి రైతులందరికీ ఒకే బిల్లుకు రెండేసి ఎస్సెమ్మెస్‌లు వెళ్లాయి. డబ్బు రెండుసార్లు పడుతుందని కొందరు అనుకున్నారు, లెక్క తప్పిందని కొందరు గొడవపడ్డారు. కారణం దొరకడానికి రెండు రోజులు పట్టింది. కొత్తగా చేరిన కుర్రవాడు ఒక ప్లాంటు తరుగు మార్చడానికి మూడు వారాలు తీసుకున్నాడు. చివరికి సీనియర్ అందరి ముందూ, "ఇది బిల్లు వేసే ప్రోగ్రామా, అష్టావధానమా?" అన్నారు. నెల రోజుల్లో పాత కోడ్‌కు వెళ్లిపోవాలని మేనేజరు చెప్పారు. "ఆయన మా నాన్నగారి వయసు మనిషి, ఎదురు చెప్పలేను. నేను నేర్చుకున్నదంతా తప్పేనా? మొత్తం తీసేయాలా, పట్టుబట్టి నిలబెట్టాలా, లేక ఈ ఉద్యోగమే వదులుకోవాలా?" అన్నది ఆమె ప్రశ్న.

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో రెండు బాధలు ఒకదానితో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. నలుగురిలో పడ్డ మాట ఒకటి, కోడ్ సంగతి మరొకటి. ఆ మాట అక్కడ అనదగినది కాదు, అది మీ సీనియర్ గారి పొరపాటే. అయితే మాట నొప్పించిందని ఆ మాట వెనకున్న విషయం అబద్ధమైపోదు. తెలివైన కుర్రవాడు ఒక్క తరుగు మార్చడానికి మూడు వారాలు తిరిగాడంటే, అది మీ డిజైన్ మీద ఎవరి ద్వేషమూ లేకుండా వచ్చిన సాక్ష్యం. దాన్ని మాత్రం ఒప్పుకుందాం. నేనూ ఒకప్పుడు మూడు లైన్లలో అయ్యే పనికి విజిటర్ అనే మరో ప్యాటర్న్ వాడి, ఆరు నెలల తరవాత నా కోడ్ నాకే అర్థంకాక తల పట్టుకుని కూర్చున్నవాణ్ని కనుక, మిమ్మల్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు.

ముందు ఈ ప్యాటర్న్ అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఒకసారి చూడండి, మీ చిక్కుముడి కొంత అక్కడే విడిపోతుంది. ఇది కంప్యూటర్లలో పుట్టిన ఆలోచన కాదు, ఇళ్లు కట్టేవారిది. క్రిస్టఫర్ అలెగ్జాండర్ అనే వాస్తుశిల్పి 1977లో తన సహచరులతో కలిసి 253 ప్యాటర్న్‌లను ప్రకటించారు. వాటిలో ఒకటి బాల్కనీల గురించి: లోతు ఆరడుగులకు తగ్గితే ఆ బాల్కనీని మనుషులు దాదాపు వాడరు. ఎంవీపీ కాలనీలోనో సీతమ్మధారలోనో మూడడుగుల బాల్కనీ ఉన్న ఏ ఫ్లాటుకైనా వెళ్లి చూడండి, అక్కడ బట్టలు ఆరుతుంటాయి, పాత బకెట్లు ఉంటాయి, మనిషి మాత్రం కూర్చోడు. రెండు కుర్చీలు, మధ్యన ఒక చిన్న బల్ల పట్టి, కాళ్లు చాపుకునే చోటు ఉంటేనే కూర్చుంటాడు. అలెగ్జాండర్ చెప్పింది "బాల్కనీ కట్టండి" అని కాదు. జనం కూర్చోవాలని మీరు కోరుకుంటుంటే, ఈ కారణం వల్ల, ఇంత లోతు ఉంచండి అని. ఇబ్బంది ముందు, పరిష్కారం తరవాత.

ప్రోగ్రామర్లు కెంట్ బెక్, వార్డ్ కన్నింగ్‌హామ్ 1987లో ఈ ఆలోచనను ఆబ్జెక్టుల ప్రోగ్రామింగ్‌లోకి తెచ్చారు. 1994లో ఎరిక్ గామా, రిచర్డ్ హెల్మ్, రాల్ఫ్ జాన్సన్, జాన్ వ్లిసిడెస్ 23 ప్యాటర్న్‌లను సేకరించి, సీ ప్లస్ ప్లస్, స్మాల్‌టాక్ భాషల ఉదాహరణలతో పుస్తకంగా అచ్చువేశారు. ఇంటర్వ్యూకు చదివేవారందరూ చదివేది ఆ 23నే. ఆ పుస్తకంలో ప్రతి ప్యాటర్న్‌కూ అది ఎప్పుడు వర్తిస్తుందో చెప్పే భాగం ఒకటి, వాడితే వచ్చే లాభనష్టాలు చెప్పే భాగం మరొకటి ఉన్నాయి. ఇంటర్వ్యూల్లో మాత్రం బొమ్మ గీయమంటారు, నష్టాలు అడగరు. అందువల్ల మనవాళ్లలో చాలామంది బొమ్మలు మాత్రమే నేర్చుకుని బయటికి వస్తున్నారు. మీకు జరిగింది కూడా ఇదేనని నా అనుమానం.

ఇక మీ 64 ఫైళ్ల దగ్గరకు వద్దాం. అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఇక్కడ మారుతున్నది ఏమిటి, అది ఎలా మారుతోంది?

కౌంట్ అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క అని మీకు నేను చెప్పనక్కరలేదు. 30 కౌంట్‌కు ఒక ధర, 100 కౌంట్‌కు ఒక ధర. ఆ ధరలు రోజూ మారతాయి. కానీ మారేది అంకె మాత్రమే, లెక్క చేసే పద్ధతి కాదు. తూకాన్ని ధరతో గుణించడం 30 కౌంట్‌కైనా 100 కౌంట్‌కైనా ఒక్కటే. అంకె మారినంత మాత్రాన క్లాసు అవసరం లేదు, డేటాబేస్‌లో ఒక వరుస చాలు. 2025 సెప్టెంబరు 22న చాలా వస్తువుల మీద జీఎస్టీ 12, 28 శాతాల నుంచి 5, 18 శాతాలకు మారింది. శాతాలను పట్టికలో పెట్టుకున్నవారికి అది వరుసలు మార్చుకునే పని అయితే, కోడ్‌లో రాసుకున్నవారు ప్రోగ్రామ్‌నే మళ్లీ విడుదల చేయవలసి వచ్చింది. మీ కౌంట్ శ్రేణుల క్లాసులన్నీ ఈ రెండో రకానివే. వాటిని నిర్భయంగా తీసేయండి.

ప్లాంట్ల సంగతి అలా కాదు. మీ ఉత్తరాన్ని బట్టి, ఒక ప్లాంటు పెంకు మెత్తబడిన రొయ్యలను వేరుచేసి తక్కువ ధర కడుతుంది. మరొకటి నమూనాలో వాటి శాతం చూసి మొత్తం తూకంలో తరుగు తీస్తుంది. ఇంకొకటి ఒక హద్దు దాటితే సరుకునే వెనక్కి పంపుతుంది. ఇక్కడ మారుతున్నది అంకె కాదు, లెక్క చేసే పద్ధతే మారుతోంది. స్ట్రాటజీ అనే పేరు పుట్టింది సరిగ్గా ఇలాంటి చోటి కోసమే. ఒక ప్లాంటు పద్ధతిని సరిదిద్దబోయి ఇంకొక ప్లాంటు బిల్లును చెడగొట్టే ప్రమాదాన్ని అది తప్పిస్తుంది. దీన్ని వదులుకోకండి, మీరు చేసిన పనిలో విలువైన భాగం ఇదే. పోతే, 2014లో జావా 8 వచ్చాక ఇలాంటి ఒక్క మెథడ్ ఇంటర్‌ఫేస్‌కు ప్రతిసారీ ప్రత్యేకంగా క్లాసు రాయనక్కరలేదు, లాంబ్డా (పేరులేని చిన్న ఫంక్షన్) ఒకటి సరిపోతుంది. లిస్ప్, డిలాన్ వంటి భాషల్లో ఆ 23 ప్యాటర్న్‌లలో 16 సులువైపోతాయని లేదా కనబడకుండానే పోతాయని కంప్యూటర్ శాస్త్రవేత్త పీటర్ నార్విగ్ 1996లోనే చూపించారు. ప్యాటర్న్‌లలో కొన్ని భాషలోని లోటును పూడ్చేవని దాని అర్థం. భాష పెరిగితే అవి తగ్గాలి కదా.

స్ట్రాటజీని ఎంచుకోవడానికి మీరు పెట్టిన రెండంతస్తుల ఫ్యాక్టరీ మాత్రం అనవసరం. ఒకదానితో ఒకటి పొసగవలసిన వస్తువుల కుటుంబాలు రెండో మూడో ఉండి, ఒక కుటుంబంలోది మరొకదానితో కలవకూడదన్నప్పుడు ఆబ్‌స్ట్రాక్ట్ ఫ్యాక్టరీ. మీకున్నది ఒకటే కుటుంబం. ప్లాంటు కోడ్ ఇస్తే దాని పద్ధతిని ఇచ్చే ఒక మ్యాప్ పెట్టుకోండి.

డెకరేటర్ల గురించి కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే అక్కడ డబ్బు ఉంది. 500 కిలోల సరుకు అనుకోండి. నీటి తరుగు 10 కిలోలు, మెత్త పెంకు తరుగు 4 శాతం. ముందు నీరు తీసి తరవాత శాతం తీస్తే మిగిలేది 470.4 కిలోలు. ముందు శాతం తీసి తరవాత నీరు తీస్తే 470 కిలోలు. కిలో 400 రూపాయలైతే ఒక్క బిల్లులో 160 రూపాయల తేడా, అదీ రైతు జేబులోంచి. ఇప్పుడు మీ కోడ్‌లో ఈ క్రమం ఎక్కడుందో చూడండి. తరుగుల క్లాసులను ఎంత చదివినా కనబడదు, ఎక్కడో ఫ్యాక్టరీలో ఏ డెకరేటర్‌ను ఏది చుట్టుకుని ఉందన్న దానిలో దాగి ఉంది. ఆ కుర్రవాడి మూడు వారాలు చాలావరకు ఇక్కడే ఖర్చయి ఉంటాయి. క్రమం ముఖ్యమైన చోట క్రమం కళ్లకు కనబడాలి. ఒకే ఫంక్షన్‌లో తరుగులను ఒకదాని కింద ఒకటి వరుసగా రాసేస్తే, ప్రోగ్రామింగ్ రాని అకౌంటెంటుకు కూడా చూపించి "ఇదేనా సార్ మీ పద్ధతి?" అని అడగవచ్చు.

సింగిల్టన్ గురించి ఎక్కువ చెప్పను. ఆ నలుగురిలో ఒకరైన ఎరిక్ గామాయే 2009లో ఒక ఇంటర్వ్యూలో, జాబితాను మళ్లీ రాస్తే దాన్ని తీసేయడానికే మొగ్గుతానని చెప్పారు. రేట్ల పట్టికను ఎవరికి కావాలో వారికి పారామీటరుగా అందించండి, అప్పుడు ఒక టెస్టు (ప్రోగ్రామ్ సరిగ్గా పనిచేస్తోందా అని చూసే కోడ్) పెట్టిన ధర మరో టెస్టులోకి జారిపోదు.

ఇక ఫిబ్రవరి రాత్రి. లిజనర్, అంటే అబ్జర్వర్‌లో వినే భాగం, రెండుసార్లు నమోదు కావడం వల్ల జరిగిందని మీరే కనిపెట్టారు. వినేవారు ఎందరో, ఎవరో ముందుగా తెలియనప్పుడు అబ్జర్వర్ పనికొస్తుంది. మీకున్న శ్రోత ఒక్కడే, ఎస్సెమ్మెస్ పంపేవాడు. బిల్లు సేవ్ అయిన తరవాతి లైనులో ఎస్సెమ్మెస్ పంపే మెథడ్‌ను నేరుగా పిలిస్తే, చదివేవారికి ఏది ఎప్పుడు జరుగుతుందో తెలుస్తుంది. అయితే ఒక హెచ్చరిక: నేరుగా పిలిచినా నెట్‌వర్క్ తెగి మళ్లీ ప్రయత్నించినప్పుడు రెండోసారి వెళ్లవచ్చు. కాబట్టి ఈ బిల్లు నంబరుకు సందేశం వెళ్లిందన్న గుర్తును డేటాబేస్‌లో ఉంచి, పంపేముందు చూసుకోండి. ప్యాటర్న్ ఉన్నా లేకపోయినా కావలసిన జాగ్రత్త అది.

ఇప్పుడు మీ ముందున్న దారులు. మేనేజరు చెప్పినట్టు పాత కోడ్‌కు తిరిగి వెళ్లడం మొదటిది. గొడవ ఈ నెలకు చల్లారుతుంది, కానీ తరవాతి ప్లాంటు చేరగానే 900 లైన్లలో ఇంకో ఇఫ్ చేరుతుంది. ఆ మెథడ్‌ను తిరగరాయమని మీకు ఎందుకు ఇచ్చారో ఆ కారణం అలాగే ఉండిపోతుంది. పైగా ఈ ఏడాదిలో కొత్త కోడ్‌లో మాత్రమే చేసిన సవరణలు ఏమైనా ఉంటే అవి గుర్తుపెట్టుకుని వెనక్కి తేవాలి, ఆ పనికి నెల సరిపోతుందా అన్నది మేనేజరు ఆలోచించినట్టు లేదు.

ఉన్నదాన్ని ఉన్నట్టు కాపాడుకుని, పత్రాలు రాసి అందరికీ నేర్పడం ఇంకొకటి. మీ ఉత్తరంలో ఈ వైపే మొగ్గు కనబడింది కాబట్టి చెబుతున్నాను. అలా చేస్తే ఆ 64 ఫైళ్లు తెలిసిన మనిషి చాలాకాలం మీరొక్కరే అవుతారు. మీ చెల్లెలి పెళ్లి పందిట్లో ఉన్నా ఫోను మోగుతుంది. ప్యాటర్న్‌ల పేర్ల వల్ల ఉన్న పెద్ద ప్రయోజనం నలుగురు మాట్లాడుకునేటప్పుడు పని తేలికవడం. పేరు తెలిసింది ఒక్కరికే అయితే ఆ ప్రయోజనం మొదటి రోజే పోయినట్టు.

నా మొగ్గు మూడోదాని వైపు: ప్లాంట్ల స్ట్రాటజీని ఉంచి, మిగిలినవి ఒక్కొక్కటిగా మామూలు కోడ్‌గా మార్చడం. దీనికీ ఖర్చుంది. మేనేజరును మరికొంత గడువు అడగాలి. మీ చేతులతో కట్టినదాన్ని మీ చేతులతోనే విప్పాలి, అది మనసుకు కష్టమే. కానీ ఒక్క వారంలో అంతా మార్చేయకండి. ముందు కిందటి ఏడాది బిల్లులు కొన్ని వందలు తీసుకుని, వాటి తూకం, కౌంట్, ప్లాంటు ఇస్తే అదే మొత్తం వస్తోందా అని పోల్చే టెస్టులు రాయండి. ఇప్పుడు ప్రోగ్రామ్ ఏం చేస్తోందో దాన్నే పట్టి ఉంచే ఇలాంటి టెస్టుల గురించి మైకేల్ ఫెదర్స్ 2004లో వివరంగా రాశారు. అవి ఉంటే ఏ క్లాసు తీసేసినా రైతు సొమ్ము మారలేదని రుజువు మీ చేతిలో ఉంటుంది.

సమయం కూడా మీకు కలిసివస్తోంది. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవల వేట నిషేధం. హార్బర్‌లో సరుకు దిగదు, సముద్రపు బిల్లుల భాగం దాదాపు ఖాళీగా ఉంటుంది. మార్పులు ముందు అక్కడ చేసి, చెరువుల బిల్లుల జోలికి తరవాత వెళ్లండి. మేనేజరుకు గడువు అడిగేటప్పుడు ఈ లెక్క చెబితే ఆయనకు సులువుగా అర్థమవుతుంది.

ఉద్యోగం మానడం గురించి. నాన్నగారి కోసం వచ్చిన ఊరు, దగ్గరలో ఇల్లు, ఈ గొడవకు అవి వదులుకోవలసినంత బరువు లేదు. ఇంకో ఏడాది తరవాత కూడా మీటింగుల్లో ఇవే మాటలు పడుతుంటే అప్పుడు వేరే చోటు చూసుకోవడంలో తప్పు లేదు, కానీ అది ప్యాటర్న్‌ల కోసం కాదు, మర్యాద కోసం.

చివరిగా మీ సీనియర్ గారు. ఆయన 900 లైన్లను మీరు చెత్త అనుకుని ఉంటారు. అందులో ప్రతి ఇఫ్ వెనకా ఏదో ఒక ప్లాంటు నుంచి అర్ధరాత్రి వచ్చిన ఫోను ఉంటుంది. ఆ జ్ఞానం మీ 64 ఫైళ్లలో పూర్తిగా చేరిందో లేదో ఆయన తప్ప ఎవరూ చెప్పలేరు. ఒక సాయంత్రం ఆయన తీరిక చూసుకుని, ప్యాటర్న్ అన్న మాటే ఎత్తకుండా అడగండి: "సార్, ఒక ప్లాంటు లెక్క మారిస్తే ఇంకో ప్లాంటు బిల్లు చెడిపోయిన సందర్భాలు మీకు గుర్తున్నంతవరకు చెప్పండి, ఒక్కొక్కదానికీ టెస్టు రాస్తాను." ఎదురు చెప్పడం కాదు ఇది, ఆయన అనుభవాన్ని అడిగి తీసుకోవడం. ఆయన చెప్పే సందర్భాలే స్ట్రాటజీ ఎందుకు ఉండాలో ఆయనకు చెబుతాయి. అప్పుడు కావాలంటే, జావాలో రోజూ సార్టింగ్‌కు ఆయన ఇచ్చే కంపారేటర్ కూడా ఇదే ఏర్పాటు అని చూపించండి. సార్ట్ చేసే కోడ్ మారదు, పోల్చే పద్ధతి మాత్రం బయట నుంచి వస్తుంది. ఎన్నో ఏళ్లుగా ఆయన వాడుతున్నదే, పేరు తెలియకపోయి ఉండవచ్చు.

మీటింగులో అన్న మాట గురించి కూడా ఆ సాయంత్రమే, కోపం లేకుండా ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: "సార్, నా కోడ్‌లో తప్పులుంటే రివ్యూలో ఎన్నయినా రాయండి, అందరి ముందూ అంటే మాత్రం నాకు పని మీద మనసు నిలవదు." తండ్రి వయసు మనిషికి ఈ మాట చెప్పడం అమర్యాద కాదు.

సముద్రపు సరుకు భాగం మార్చిన తరవాత, కొత్త ప్లాంటు ఒకటి చేర్చే పనిని ఆ మూడు వారాల కుర్రవాడికే ఇవ్వండి. పక్కన కూర్చోకండి, సాయం చేయకండి. ఎన్ని ఫైళ్లు తెరిచాడో, ఎన్ని రోజులు పట్టిందో రాసుకోమనండి. ఆ కాగితం పట్టుకుని మేనేజరు గదిలోకి మీ సీనియర్ గారితో కలిసి వెళ్లండి.